స్పానిష్ పైస్థాయి వ్యాకరణాన్ని రాజకీయ చర్చలతో నేర్పొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ దగ్గర బీ2, అంటే యూరప్ భాషా కొలమానంలో నాలుగో మెట్టు, పూర్తి చేసిన పెద్దవాళ్ల బ్యాచ్ ఉంది. సబ్జంక్టివ్, అంటే కోరిక, సందేహం, తీర్పు లాంటివాటి తర్వాత వచ్చే క్రియారూపం, దాని పట్టికలు అందరికీ కంఠతా వచ్చు. ఖాళీలు పూరించమంటే తప్పు పోకుండా పూరిస్తారు. నోరు విప్పితే మాత్రం మళ్లీ మొదటి ఏడాది వాక్యాల్లోకి జారిపోతారు. సామాజిక న్యాయం, రాజకీయాల మీద చర్చలు పెడితే ఆ పై మెట్టు సీ1 వ్యాకరణం ఒంటబడుతుందా, లేక క్లాసు కొట్లాటగా మారి వ్యాకరణం గాలికి పోతుందా అని మీ సందేహం.

ఒంటబడుతుంది. పద్నాలుగేళ్లుగా పెద్దవాళ్లకు స్పానిష్ చెబుతున్నాను, ఈ స్థాయిలో ఇంతకంటే బాగా పనిచేసిన దారి నాకు కనబడలేదు. కానీ ఒక షరతు ఉంది. ముందు వ్యాకరణాంశం ఎంచుకోండి, దానికి తగిన విషయం ఆ తర్వాత వెతకండి. వేడి వేడి విషయం ముందు పెట్టుకుని "అందులో వ్యాకరణం అదే వస్తుందిలే" అనుకుంటే మీరు భయపడుతున్న కొట్లాటే మిగులుతుంది.

ఈ మాట నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదటి రోజుల్లో ఒకసారి వలసల మీద చర్చ పెట్టాను. పన్నెండు మంది ఉన్నారు. "మీ అభిప్రాయం చెప్పండి" అని వదిలేశాను. నలభై నిమిషాలు గది దద్దరిల్లింది, నాకు చాలా సంతోషమేసింది. ఇంటికెళ్లి రికార్డింగ్ విన్నాను. అందరూ 'క్రేఓ కే' అంటే 'నేననుకోవడం' అని మొదలుపెట్టి, 'మంచిది', 'చెడ్డది', 'చాలా సమస్య' దగ్గర ఆగిపోయారు. సబ్జంక్టివ్ రెండే రెండు చోట్ల వినబడింది, ఆ రెండూ ఒకే అమ్మాయివి. కోపం వచ్చినప్పుడు మనిషి తనకు బాగా వచ్చిన వాక్యాన్నే పట్టుకుంటాడు, కొత్తది ప్రయత్నించడు. అందుకే చర్చ అనేది పాఠం చివర్లో రావాలి, మొదట్లో కాదు.

మరి ఇన్ని విషయాలుండగా రాజకీయమే ఎందుకు? ఈ స్థాయి వ్యాకరణమంతా నిజానికి ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడు? ఈ మాటకు నేను పూచీ పడుతున్నానా, లేక ఎవరో అన్నదాన్ని మోస్తున్నానా? పని చేసినవాడి పేరు చెబుతున్నానా, దాచేస్తున్నానా? 'మనం' అన్నప్పుడు ఎవర్ని కలుపుకుంటున్నాను? సెలవుల్లో ఎక్కడికెళ్లారు అనే చర్చలో ఈ తేడాల వల్ల ఏమీ మారదు, తప్పు రూపం వాడినా అర్థమైపోతుంది. ఒక చట్టం గురించో, ఒక హత్య గురించో మాట్లాడేటప్పుడు మాత్రం క్రియ రూపం మారితే మనిషి నిలబడ్డ చోటే మారిపోతుంది. ఆ తేడా విద్యార్థికి తగలాలి. తగిలిన రోజున రూపం దానంతటదే గుర్తుండిపోతుంది.

నేను ఏ వ్యాకరణాంశానికి ఏ విషయం జోడిస్తానో చెబుతాను. అన్నీ ఒకే లోతులో చెప్పను, కొన్ని నాకు ఎక్కువ ఇష్టం.

నిజమని తెలిసినా సబ్జంక్టివ్ ఎందుకు? మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సబ్జంక్టివ్ అంటే సందేహం, ఊహ, కోరిక అని మొదటి ఏడాదిలో చెప్పేస్తాం. తర్వాత 'మె ఇందిగ్నా కే ఆయా ఫమీలియాస్ సిన్ కాసా' అనే వాక్యం వస్తుంది, ఇల్లు లేని కుటుంబాలుండటం నాకు కోపం తెప్పిస్తోంది అని. కుటుంబాలున్నాయి, అది నిజం, అందులో సందేహమేముంది, మరి 'ఐ' కాకుండా 'ఆయా' ఎందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేను చెప్పే జవాబు: ఇక్కడ ఆ సంగతిని మీరు కొత్తగా ప్రకటించడం లేదు. అది ఇద్దరికీ తెలిసిన సంగతిగా పక్కన పెట్టి, దాని మీద మీ తీర్పు చెబుతున్నారు. మీరు ప్రకటిస్తున్నది మీ కోపాన్ని. ఏది ప్రకటిస్తారో అది ఇండికేటివ్‌లో, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే మామూలు క్రియారూపంలో ఉంటుంది.

దీనికి ఇళ్ల సమస్య బాగా సరిపోతుంది. 1978 స్పెయిన్ రాజ్యాంగంలోని 47వ అధికరణ పౌరులందరికీ గౌరవప్రదమైన, తగిన ఇంట్లో ఉండే హక్కు ఉందంటుంది. 2008 తర్వాతి సంక్షోభంలో వాయిదాలు కట్టలేని ఎన్నో కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. 2009లో బార్సిలోనాలో బాధితుల వేదిక ఒకటి పుట్టింది. ఈ మూడు సంగతులూ ముందు ఇండికేటివ్‌లో రాయిస్తాను, ఉన్నది ఉన్నట్టుగా. ఆ తర్వాత ప్రతి వాక్యం ముందు ఒక తీర్పు తగిలించమంటాను: అన్యాయం, సహజం, సిగ్గుచేటు, నాకు ఆశ్చర్యం లేదు. తగిలించగానే క్రియ మారాలి. ఒకే సంగతి రెండు రూపాల్లో పక్కపక్కన కాగితం మీద కనబడుతుంది కాబట్టి 'నిజమా కాదా' అనే పాత లెక్క అక్కడితో ఆగిపోతుంది.

'ఔంకే', అంటే 'అయినా' అనే మాట, దాని తర్వాత ఏ రూపం? ఒక్క పాఠమే చెప్పే అవకాశం ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. 'ఔంకే లా రెఫోర్మా ఎస్ కారా' అంటే సంస్కరణ ఖరీదైనదని నేనే చెబుతున్నాను. 'ఔంకే లా రెఫోర్మా సేఆ కారా' అంటే ఖరీదైనదో కాదో నేను తేల్చడం లేదు, నువ్వన్నావు కాబట్టి అలాగే అనుకుందాం, అయినా నా మాట నిలబడుతుంది. మన 'ఖరీదైనదే అయినా' రెండిటికీ సరిపోతుంది కాబట్టి తెలుగువాళ్లకు తేడా ముందు కనబడదు. అందుకే నేను ఇంకోలా చెబుతాను. మొదటిది 'ఖర్చవుతుంది, అయినా...' రెండోది 'ఖర్చయితే కానీండి...' ఈ 'కానీండి' చెప్పగానే క్లాసులో సగం మంది మొహాలు విచ్చుకుంటాయి.

చర్చలో దీన్ని నియమంగా పెడతాను. ఎదుటివాడు చెప్పిన వాదాన్ని ముందు 'ఔంకే'తో, సబ్జంక్టివ్‌లో తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే తన జవాబు. చెప్పకపోతే మాట్లాడే వంతు పోతుంది. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఎదుటివాడి మాట తిరిగి చెప్పాలంటే వినక తప్పదు. మీరు భయపడుతున్న కొట్లాట సగం ఇక్కడే చల్లారిపోతుంది. ఇది కుదిరాక 'నో ఎస్ కే... సీనో కే' ఇవ్వండి, అంటే 'అలాగని కాదు, అసలు సంగతేమిటంటే' అనే కట్టు. మొదటి సగంలో సబ్జంక్టివ్, రెండో సగంలో ఇండికేటివ్. వాదన మెలి తిరిగే చోటే క్రియ కూడా తిరుగుతుంది.

చేసినవాడు ఎక్కడ? కర్మణి ప్రయోగం, 'సె' అనే చిన్న పదంతో కర్తను తప్పించే వాక్యాలు, కర్త లేని బహువచనం, వీటిని విడివిడిగా చెబితే విద్యార్థులకు నిద్రొస్తుంది. నేను ఒక పత్రిక శీర్షికతో మొదలుపెడతాను. 2002 జూన్ 26న అర్జెంటీనాలో, బ్యూనస్ ఐరెస్‌ను ఆనుకుని ఉన్న అవెయానేదాలో, నిరుద్యోగుల ఉద్యమంలో ఉన్న మాక్సిమిలియానో కోస్తేకి, దారియో సాంతియాన్ అనే ఇద్దరు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మర్నాడు అక్కడి ఒక పెద్ద దినపత్రిక మొదటి పేజీ శీర్షిక 'లా క్రీసిస్ కౌసో దోస్ నుఏబాస్ మువేర్తేస్', సంక్షోభం మరో రెండు మరణాలకు కారణమైంది అని. తర్వాత విచారణ జరిగి, 2006లో పోలీసులకు శిక్షలు పడ్డాయి.

ఆ శీర్షిక బోర్డు మీద రాసి ఒక్కటే అడుగుతాను: ఈ వాక్యంలో కర్త ఎవరు? 'సంక్షోభం' అంటారు. మరి తుపాకీ ఎవరి చేతిలో ఉంది? గది నిశ్శబ్దమైపోతుంది. వ్యాకరణపరంగా ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదు, కర్త ఉంది, క్రియ ఉంది, కర్మ ఉంది. కర్త స్థానంలో మనిషి బదులు సంక్షోభం కూర్చుంది, అంతే.

అప్పుడు అదే సంగతిని ఐదు రకాలుగా రాయిస్తాను. 'ముర్యేరోన్ దోస్ మనిఫెస్తాంతేస్', ఇద్దరు నిరసనకారులు చనిపోయారు. 'సె ప్రొదుహేరోన్ దోస్ మువేర్తేస్', రెండు మరణాలు సంభవించాయి. 'మతారోన్ ఆ దోస్ మనిఫెస్తాంతేస్', ఇద్దర్ని చంపేశారు. 'దోస్ మనిఫెస్తాంతేస్ ఫుఏరోన్ అసెసినాదోస్', ఇద్దరు హత్యకు గురయ్యారు. 'లా పొలిసీఆ మతో ఆ దోస్ మనిఫెస్తాంతేస్', పోలీసులు ఇద్దర్ని చంపారు. ఒక్కో వాక్యం ఎవరు రాసి ఉంటారు, ఎవరికి నచ్చుతుంది అని అడుగుతాను. మూడోది మనవాళ్లకు చాలా సులువు, ఎందుకంటే తెలుగులోనూ కర్త చెప్పకుండా 'కాల్చేశారు', 'పట్టుకెళ్లారు' అనడం రోజూ వినే మాటే.

ఇక్కడే 'సె'లో రెండు రకాలు కూడా తేల్చేయొచ్చు. 'సె అప్రొబారోన్ లాస్ లేయెస్', చట్టాలు ఆమోదం పొందాయి. చట్టాలు బహువచనం కాబట్టి క్రియ కూడా బహువచనం. 'సె దెతుబో ఆ లోస్ మనిఫెస్తాంతేస్', నిరసనకారుల్ని అరెస్టు చేశారు. ఇక్కడ మనుషుల ముందు 'ఆ' వచ్చింది, కాబట్టి క్రియ ఏకవచనంలోనే ఉండిపోతుంది. సీ1 వాళ్లు కూడా దీన్లో తప్పు చేస్తారు, కాబట్టి ఇరవై వాక్యాల డ్రిల్ తప్పనిసరి. చర్చతోనే అంతా వచ్చేస్తుందని నేను అనను.

మా క్లాసులో ఒకాయన వృత్తిరీత్యా లాయరు. ఏం రాసినా 'సె కొమెతియేరోన్ ఎర్రోరెస్', తప్పులు జరిగాయి, అనే ధోరణే. ఈ పాఠం తర్వాత తను రాసిన పాత వ్యాసం తీసి, ప్రతి 'సె' పక్కన 'ఎవరు?' అని రాసుకొచ్చారు. కొన్ని చోట్ల కర్తను చేర్చారు, కొన్ని చోట్ల ఆలోచించి, కావాలనే అలాగే వదిలేశారు. నాకు కావలసింది సరిగ్గా అదే. కర్త లేని వాక్యం తప్పు కాదు, కానీ అలవాటుకొద్దీ రాకూడదు.

'ఎస్తార్', ఒక మాయమైన మనిషి. రెండూ 'ఉండటం' చెప్పే క్రియలే, 'సేర్' స్వభావానికి, 'ఎస్తార్' స్థితికి అని ఈ తేడా మొదటి నెలలోనే చెబుతాం, అయినా పైస్థాయిలో మళ్లీ తెరవాల్సిందే. 1976 నుంచి 1983 దాకా అర్జెంటీనాను సైనిక ప్రభుత్వం పాలించింది, వేల మందిని రహస్యంగా ఎత్తుకెళ్లింది. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు తమ పిల్లలెక్కడని అడుగుతూ బ్యూనస్ ఐరెస్‌లోని ప్లాసా దె మాయోలో మొదటిసారి గుమికూడారు. 1979లో విలేకరులు దీని గురించి అడిగితే, సైనిక పాలకుడు వీదెలా ఆ మనిషి చనిపోయీ లేడు, బతికీ లేడు, 'ఎస్తా దెసాపరెసీదో', మాయమై ఉన్నాడు, అన్నాడు. ఆ 'ఎస్తా'ను విద్యార్థులతో చర్చించండి. ఎవరో చేసిన పని ఆ మనిషి తాలూకు 'స్థితి' అయిపోయింది, దానికదే వచ్చి పడినట్టు.

ఆ తర్వాత ఎదుటి పక్షపు వ్యాకరణం చూపించండి. 'దెసాపరెసేర్' అంటే మాయమవడం, దానికి మామూలుగా కర్మ ఉండదు. లాటిన్ అమెరికాలో జనం దాన్ని సకర్మకం చేసేశారు: 'లోస్ దెసాపరెసియేరోన్', వాళ్లను మాయం చేశారు. మనకు 'మాయమయ్యారు', 'మాయం చేశారు' అని రెండూ ముందు నుంచీ ఉన్నాయి కాబట్టి తెలుగు విద్యార్థికి ఇది తక్షణం అర్థమవుతుంది. ఇంకో భాష విద్యార్థులకు నాకు పది నిమిషాలు పట్టే వివరణ, మనవాళ్లకు ఒక్క వాక్యంలో అయిపోతుంది.

2014 సెప్టెంబరు 26 రాత్రి మెక్సికోలోని ఇగ్వాలాలో అయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు చెందిన 43 మంది విద్యార్థులు ఇలాగే మాయం చేయబడ్డారు. వాళ్ల కోసం జరిగిన ఊరేగింపుల్లో అంతకు ముందు నుంచీ ఉన్న నినాదమే మళ్లీ మారుమోగింది: 'బీబోస్ సె లోస్ యెబారోన్, బీబోస్ లోస్ కెరేమోస్'. ప్రాణాలతో తీసుకెళ్లారు, ప్రాణాలతోనే కావాలి. ఏడు పదాల్లో ఎంత వ్యాకరణం ఉందో చూడండి. వాక్యం మొదటికి దూకిన విశేషణం, అది 'లోస్'తో లింగవచనాల్లో కలవడం, 'యెబార్సె'లోని 'సె', కర్త పేరెత్తని బహువచనం. పదక్రమం మార్చి మామూలు వాక్యంగా రాయమంటాను, తర్వాత రెండూ గట్టిగా చదివిస్తాను. ఏది ఊరేగింపులో నిలబడుతుందో చెవికే తెలుస్తుంది.

ఈ పాఠానికి ముందే విషయం ఏమిటో చెప్పేయండి, ఉన్నట్టుండి మీద పడేయొద్దు.

'అట'కు స్పానిష్ ఏమిటి? స్పానిష్ వార్తల్లో 'ఎల్ మినీస్త్రో అబ్రీఆ రెసిబీదో దినేరో' లాంటి వాక్యాలు కనబడతాయి. దీన్ని కండిషనల్, అంటే 'అలా అయితే ఇలా జరిగేది' అనే షరతు రూపం, అని నేర్చుకున్నవాళ్లు 'తీసుకుని ఉండేవాడు' అని అనువదించి, 'ఎప్పుడు? ఏమైతే?' అని వెతుకుతారు. ఇది షరతు కాదు. మంత్రి డబ్బు తీసుకున్నాడట, అంతే. మన 'అట' ఎంత పని చేస్తుందో ఈ రూపం అంత పని చేస్తుంది: మాట చేరవేస్తాను, పూచీ పడను. కొన్ని పత్రికల శైలి నియమాలు దీన్ని వాడొద్దంటాయి, రూఢి కాని సంగతి రాయకూడదు, రాస్తే ఎవరన్నారో చెప్పాలి అని. విద్యార్థుల చేత ఒక అవినీతి ఆరోపణ వార్తను మూడు రకాలుగా రాయించండి: నేరుగా, 'ఫలానావారి ప్రకారం' అని, కండిషనల్‌తో. మూడిట్లో ఏది ఎవరికి రక్షణ ఇస్తుందో వాళ్లే చెబుతారు.

జరగనిదాన్ని ఊహించే వాక్యాలకు నేను ప్రజాభిప్రాయ సేకరణలు వాడతాను. 2016 అక్టోబరు 2న కొలంబియాలో గెరిల్లాలతో కుదిరిన శాంతి ఒప్పందం మీద ఓటింగ్ జరిగింది, 'వద్దు' పక్షం అర శాతం కూడా లేని తేడాతో గెలిచింది. ఒప్పందాన్ని సవరించి నవంబరులో మళ్లీ సంతకాలు చేశారు. 'సి ఉబియేరా గనాదో ఎల్ సీ, నో సె అబ్రీఆ రెనెగొసియాదో ఎల్ అకుఏర్దో', 'అవును' గెలిచి ఉంటే ఒప్పందాన్ని మళ్లీ చర్చకు తెచ్చి ఉండేవారు కాదు. అంత స్వల్ప తేడా ఉన్నప్పుడు 'అయి ఉంటే' అనే ఆలోచన బలవంతంగా రాదు, దానంతటదే వస్తుంది. 1988 అక్టోబరు 5న చిలీలో సైనిక పాలకుడు పినోచెత్ పాలన కొనసాగాలా వద్దా అన్న ఓటింగ్ కూడా ఇంతే బాగుంటుంది. స్పెయిన్‌లోని కతలూన్యా ప్రాంతంలో 2017 అక్టోబరు 1న స్వాతంత్ర్యం మీద జరిగిన ఓటింగ్‌లో అడిగిన ప్రశ్న స్పానిష్‌లో 'కియేరే కే కతలూన్యా సేఆ ఉన్ ఎస్తాదో ఇందెపెందియెంతే...', కతలూన్యా స్వతంత్ర రాజ్యం కావాలని కోరుకుంటున్నారా, అని మొదలవుతుంది, కోరిక తర్వాత సబ్జంక్టివ్ అనే నియమం ఓటుపత్రం మీదే ఉంది.

అర్జెంటీనాలో గర్భస్రావ చట్టం కోసం జరిగిన ఉద్యమ నినాదంలో 'పారా', అంటే 'కోసం', మూడుసార్లు వస్తుంది: 'పారా దెసిదీర్', నిర్ణయించుకోవడానికి, 'పారా నో అబోర్తార్', గర్భస్రావం అవసరం రాకుండా, 'పారా నో మొరీర్', చావకుండా ఉండటానికి. మూడు చోట్లా క్రియ మూలరూపమే. దాన్ని 'పారా కే నాదియే ముఏరా', ఎవరూ చనిపోకుండా, అని మార్చగానే సబ్జంక్టివ్ రావాలి, ఎందుకంటే కర్త విడిగా వచ్చాడు. 2020 డిసెంబరు 30న ఆ చట్టం ఆమోదం పొందింది. ఈ నినాదంతో నేను వ్యాకరణం వరకే ఆగుతాను, ఆ విషయం మీద చర్చ పెట్టను. ఎవరి బతుకులో ఏముందో మనకు తెలియదు.

వలసల చర్చను కూడా మొత్తానికి వదిలేయలేదు, రూపం మార్చాను. 'ఎస్ ఇలెగాల్', చట్టవిరుద్ధం, అని మనిషి గురించి అనడం, 'ఎస్తా ఎన్ సిత్వాసియోన్ ఇర్రెగులార్', క్రమబద్ధం కాని పరిస్థితిలో ఉన్నాడు, అనడం, ఈ రెండూ పక్కపక్కన పెడతాను. మొదటిది మనిషి అంటే అదే అంటుంది, రెండోది అతని కాగితాల పరిస్థితి ప్రస్తుతం అలా ఉందంటుంది. 'సేర్', 'ఎస్తార్' గురించి ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

'మనం', 'మేము' సంగతి కూడా చెప్పాలి. స్పానిష్‌లో రెండిటికీ ఉన్నది 'నొసోత్రోస్' ఒక్కటే, దానికి ఆ తేడా లేదు. ఒక పార్టీ ప్రకటన గానీ ఉద్యమ ప్రకటన గానీ తీసుకుని, ప్రతి బహువచన ఉత్తమ పురుష క్రియ పక్కనా 'మనం' రాయాలో 'మేము' రాయాలో తేల్చమనండి. పై నినాదంలోని 'కెరేమోస్'తోనే మొదలుపెట్టొచ్చు. తల్లులు అంటే 'మాకు', వీధంతా అంటే 'మనకు'. రచయిత ఎక్కడ కావాలని మసకగా వదిలాడో విద్యార్థులు పట్టేస్తారు. మన భాష మనకిచ్చిన పనిముట్టు ఇది, వాడుకోకపోతే నష్టం మనదే.

లింగ సమానత్వ భాష గురించి తప్పకుండా ప్రశ్న వస్తుంది. 'అందరూ' అనడానికి పుంలింగంలో 'తోదోస్', స్త్రీ పురుష రూపాలు రెండూ కలిపి 'తోదాస్ ఇ తోదోస్', ఏ లింగమూ చెప్పని 'తోదెస్', మూడూ వాడుకలో ఉన్నాయి. స్పానిష్ రాయల్ అకాడమీ పుంలింగ రూపమే అందరికీ సరిపోతుందంటుంది, 'తోదెస్'ను ఒప్పుకోదు. నేను ఎవరి పక్షమూ తీసుకోను, మూడు రూపాలతో ఒకే పేరా రాయించి విశేషణాలన్నీ కలిశాయో లేదో చూస్తాను. పరీక్షల్లో మాత్రం అకాడమీ రూపాలే రాయమంటాను. ఒక సంగతి ఆసక్తిగా ఉంటుంది: 'ప్రెసిదెంతా', అధ్యక్షురాలు, అనే స్త్రీ రూపం కొత్త ఫ్యాషన్ అనుకుంటారు చాలామంది, అది అకాడమీ నిఘంటువులో 1803 నుంచీ ఉంది.

చర్చకు దూరంగా ఉండే బ్యాచ్ అయితే చట్టాల పాఠాలు తీసుకోండి. స్పెయిన్ రాజ్యాంగం 14వ అధికరణలో 'సిన్ కే ప్వేదా ప్రెబలెసేర్ దిస్క్రిమినాసియోన్ అల్గూనా' అని ఉంది, ఏ వివక్షా చెల్లకుండా అని. 'సిన్ కే' తర్వాత సబ్జంక్టివ్, నామవాచకం తర్వాత వచ్చి 'ఏదీ లేదు' అనే అర్థమిచ్చే 'అల్గూనా', రెండూ ఒక్క ముక్కలో దొరుకుతాయి. 1948 మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణలో 'లిబ్రెస్ ఎ ఇగ్వాలెస్', స్వేచ్ఛగా, సమానంగా, అని ఉంది, 'ఇ' శబ్దం ముందు 'మరియు' అనే అర్థమిచ్చే 'ఇ' కాస్తా 'ఎ' అయింది. అదే వాక్యంలో 'దొతాదోస్ కోమో ఎస్తాన్' అనే అందమైన కట్టు కూడా ఉంది.

ఇక క్లాసు నడపడం. నాది తొంభై నిమిషాలు. మొదటి పావుగంట చిన్న పాఠ్యం, అరపేజీ మించదు. తర్వాత అరగంట ఆ పాఠ్యంలోని రూపాల మీద పని, మార్చి రాయడం, డ్రిల్. ఆ తర్వాతే చర్చ, అది కూడా కేటాయించిన పాత్రలతో. ఇంటి యజమాని, అద్దెకున్న మనిషి, మేయరు, బ్యాంకు ఉద్యోగి. ఎవరి సొంత అభిప్రాయం వాళ్లు చెప్పాల్సిన పని లేకపోతే టెన్షన్ తగ్గుతుంది, భాష మీద ధ్యాస పెరుగుతుంది. చివరి ఇరవై నిమిషాలు దిద్దుబాటు.

చర్చ మధ్యలో తప్పులు దిద్దొద్దు. ఒక మనిషి కదిలిపోయి 'మె ద రాబియా కే ఐ...', ఇలా ఉండటం నాకు కోపం తెప్పిస్తోంది, అంటున్నప్పుడు 'ఆయా అనాలి' అని అడ్డం పడితే, ఆ మనిషి చెప్పింది మీరు వినలేదని అర్థం. కాగితం మీద రాసుకోండి, పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టండి. మార్కులు వాక్యానికే వేయండి, అభిప్రాయానికి కాదు, ఆ సంగతి మొదటి రోజే చెప్పేయండి. నాకు ఏమాత్రం నచ్చని వాదానికి పూర్తి మార్కులు వేసిన రోజులున్నాయి, ఆ వాక్యాలు అంత బాగున్నాయి.

మీ సొంత అభిప్రాయం చెప్పాలా అని కూడా అడిగారు. విధానాల గురించి, అంటే ఏ పన్ను మంచిది, ఏ పార్టీ మేలు అనే వాటి గురించి క్లాసులో నేను చెప్పను. గురువు పక్షం తెలిసిపోతే సగం మంది ఆ పక్షం మాట్లాడతారు. మనుషుల్ని మాయం చేశారా లేదా అనే దాని మీద మాత్రం తటస్థత నాకు లేదు. అది జరిగింది, కోర్టుల్లో తేలింది.

ఒక తప్పు చెప్పుకోవాలి. నిర్వాసితుల మీద పాఠం పెట్టిన రోజు ఒకావిడ మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయారు. వాళ్ల కుటుంబం అలా ఊరు వదిలి వచ్చిందేనట, నాకు తెలియదు. నేను తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. అప్పటి నుంచి వచ్చే వారం విషయం ముందే చెబుతాను, అదే వ్యాకరణంతో వేరే విషయం మీద ఇంకో పేజీ సిద్ధంగా ఉంచుతాను. కారణం అడగను. ఎవరికి ఏది కావాలో తీసుకుంటారు.

స్పానిష్ మాట్లాడే దేశాలంటే సైనిక పాలనలు, సమాధులు మాత్రమే అన్నట్టు కాకుండా చూసుకోండి. మూడు దుఃఖపు పాఠాలు వరసగా పెట్టి నేనే ఆ పొరపాటు చేశాను. సాధించుకున్నవి కూడా పెట్టండి. స్పెయిన్ 2005లో, అర్జెంటీనా 2010లో స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేశాయి. ఆ పార్లమెంటు చర్చల్లో వాదనల వ్యాకరణం ఎంతో బాగుంటుంది.

ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్, అంటే సబ్జంక్టివ్ భూతకాల రూపాలు, నోటికి రాని వాళ్లను ఇందులోకి దింపొద్దు, ముందు నాలుగు వారాలు డ్రిల్ చేయించండి. క్రియల వెంట వచ్చే ప్రిపొజిషన్లు, యాస గుర్తులు ఈ దారిలో రావు, వాటికి విడిగా కూర్చోవాల్సిందే. మైనర్లకు చెబుతున్నా, కంపెనీలో ఉద్యోగులకు చెబుతున్నా పైవాళ్లకు పాఠ్యాలు ముందే చూపించండి.

మొదటి క్లాసుకు 'ఔంకే' తీసుకోండి. విషయం ఊళ్లో బస్సులు ఉచితం చేయాలా అన్నంత చల్లగా ఉండాలి. ఆరుగురికి పాత్రలు ఇవ్వండి, మిగతావాళ్లు ఎవరు ఎన్నిసార్లు 'సేఆ' అన్నారో లెక్కపెట్టాలి. రికార్డు చేసి, ఆ రాత్రే వినండి. విన్నాక ఏం కనబడిందో ఇక్కడ రాయండి, రెండో క్లాసుకు ఏది పెట్టాలో దాన్నిబట్టి చెబుతాను.